పెట్రా శిలానగరం: కొండకు కాపలా

జోర్డాన్ దేశపు దక్షిణ భాగంలో, మృతసముద్రానికీ అఖబా సింధుశాఖకూ నడుమ, ఎర్రని ఇసుకరాతి కొండల మధ్య పెట్రా అనే ప్రాచీన నగరం ఉన్నది. దాని ప్రసిద్ధ కట్టడాలు రాయి మీద రాయి పేర్చి కట్టినవి కావు. నిలువు కొండను పైనుండి క్రిందికి తొలిచి మలచినవి. నగరం ప్రక్కనున్న ఊరి పేరు వాదీ మూసా. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) బండను కొట్టగా నీరు పెల్లుబికినది అక్కడేనని ఆ ప్రాంత ప్రజలు పరంపరగా చెప్పుకుంటారు. ఆ ఊటను ఐన్ మూసా అంటారు. నగరానికి నైరుతి దిశలో సుమారు 1,350 మీటర్ల ఎత్తున జబల్ హారూన్ శిఖరం కనిపిస్తుంది. దానిపై హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) సమాధి ఉన్నదని అక్కడివారి విశ్వాసం. శిఖరంపైనున్న చిన్న కట్టడం మమ్లూక్ సుల్తానుల కాలం నాటిది.

ఇంతటి చారిత్రక స్థలానికి నేడున్న పెద్ద ప్రమాదాలలో ఒకటి, అది ఏ కొండ నుండి పుట్టినదో ఆ కొండ నుండే వస్తున్నది. నీరు, ఎండ, భూకంపం కలిసి శతాబ్దాలుగా ఆ శిలలను బీటలు వారుస్తున్నాయి. కట్టిన గోడ కూలితే అవే రాళ్లతో తిరిగి కట్టుకోవచ్చు. తొలిచిన కొండముఖం విరిగిపడితే తిరిగి కట్టడానికి ఏమీ ఉండదు. అందువల్ల పెట్రా చరిత్రను రాజుల, వర్తకుల చరిత్రగా మాత్రమే చదివితే చాలదు. కొండకు ఎవరు ఎప్పుడు కాపలా కాశారు, ఎవరు ఎప్పుడు మానేశారు అన్నది కూడా ఆ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయమే.

నీటిని అదుపు చేసిన జాతి

పెట్రాను నిర్మించిన నబాతీయులు అరబ్బు జాతివారు. క్రీ.పూ. 312లో అలెగ్జాండర్ సేనానులలో ఒకడైన అంటిగోనస్ పంపిన సేన వీరిపై దాడి చేసి విఫలమైన వృత్తాంతాన్ని గ్రీకు చరిత్రకారుడు డియోడొరస్ వ్రాశాడు. దక్షిణ అరేబియా నుండి మధ్యధరా తీరానికి సాంబ్రాణి, సుగంధద్రవ్యాలు మోసుకుపోయే ఒంటెల బిడారులు వీరి భూభాగం గుండానే సాగేవి. వీరి లిపి నుండే అరబ్బీ లిపి క్రమంగా రూపుదిద్దుకున్నదని అధికసంఖ్యాక పండితుల అభిప్రాయం. క్రీ.పూ. 9 నుండి క్రీ.శ. 40 వరకు పాలించిన నాలుగవ హారిస్ రాజు కాలంలో పెట్రా ఉచ్ఛస్థితిని అందుకున్నది. సుమారు 40 మీటర్ల ఎత్తున్న అల్ ఖజ్నా అనే శిలాముఖం అతని కాలానిదేనని సాధారణంగా చెబుతారు. మనం వాడే ఖజానా అనే మాటా ఇదే. పైనున్న రాతి కలశంలో ఏదో ఫిరౌను నిధి దాగి ఉన్నదని నమ్మిన ఎడారివాసులు దానిపై తుపాకులు కాల్చిన గుర్తులు నేటికీ ఉన్నాయి.

ఖజ్నా వద్దకు చేరడానికి సీక్ అనే ఇరుకు కనుమ గుండా వెళ్లాలి. దాని పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లకు మించదు. ఇరుప్రక్కల గోడలు 80 మీటర్లకు పైగా లేచి ఉంటాయి. ఇది మనుషులు తవ్విన దారి కాదు. భూమి పొరలలో ఏర్పడిన పెద్ద చీలికను వరదనీరు అరగదీసి కనుమగా మార్చింది. అంటే నగరపు రాజద్వారం నిజానికి ఒక వాగు. తూర్పు కొండల మీద వాన కురిస్తే ఆ నీరంతా సహజంగా ఈ దారినే రావాలి.

నబాతీయులు ఈ సంగతిని గ్రహించారు. సీక్ ముఖద్వారం వద్ద ఆనకట్ట కట్టి, వరదను ప్రక్కకు మళ్లించి, 80 మీటర్లకు పైబడిన సొరంగాన్ని కొండలో తొలిచి దాని గుండా పంపివేశారు. సీక్ లోకి దిగే ప్రక్కవాగులకు చిన్న చిన్న అడ్డుకట్టలు వేశారు. కనుమ గోడలలో కాలువలు చెక్కి, ఒకవైపు మట్టి గొట్టాలు అమర్చి త్రాగునీటిని నగరంలోకి తెచ్చారు. వాలు నేలల మీద మెట్లు మెట్లుగా గట్లు వేసి వాన నీటి వేగాన్ని తగ్గించారు. వారి ఉద్దేశం దాహం తీర్చుకోవడం, వరద నుండి తప్పించుకోవడం. అయితే నీటిని ఇలా దారిలో పెట్టినందువల్ల కొండకు కూడా మేలు జరిగింది. ఈ ఏర్పాట్లలో ఏదీ ఒకసారి కట్టి వదిలేసేది కాదన్న విషయం గమనార్హం. గొట్టంలో సున్నపు పేరుకు తొలగించాలి. అడ్డుకట్ట వెనుక చేరిన ఒండ్రు తోడిపోయాలి. తెగిన గట్టు మళ్లీ వేయాలి. ఆ నగరం బ్రతికినన్నాళ్లూ ఈ పని సాగుతూనే ఉండాలి.

కొండ ఎందుకు విరుగుతుంది?

పెట్రా ఇసుకరాయి సుమారు 50 కోట్ల సంవత్సరాల నాటిది. రంగురంగుల చారలతో కంటికి ఇంపుగా ఉంటుంది. ఉలికి సులభంగా లొంగుతుంది. ఉలికి లొంగే రాయి నీటికీ లొంగుతుంది. పైగా ఈ కొండలు ఏకశిలలు కావు. నిలువుగానూ అడ్డంగానూ ఏటవాలుగానూ సాగే బీటలు వాటిని పెద్ద పెద్ద దిమ్మెలుగా విడదీసి ఉంచాయి. ఒక దిమ్మె కదలకుండా నిలిచి ఉన్నదంటే, బీట వెంట రాతికీ రాతికీ ఉన్న ఒరిపిడి, ఇంకా తెగకుండా మిగిలిన కొద్దిపాటి రాయి దానిని పట్టి ఉంచాయన్నమాట.

ఆ పట్టు సడలడానికి కారణాలు అనేకం. వాన నీరు బీటలోకి దిగి దానిని వెడల్పు చేస్తుంది. నీటిలో కరిగిన ఉప్పు, నీరు ఆవిరైన తరువాత స్ఫటికాలుగా గడ్డకట్టి రాతిని లోపలినుండి నెడుతుంది. పగటి ఎండకు రాయి వ్యాకోచిస్తుంది. రాత్రి చలికి సంకోచిస్తుంది. బీటలో మొలచిన చెట్టు వేరు మేకులా పనిచేస్తుంది. దిమ్మె అడుగున మెత్తని పొర అరిగిపోతే పైభాగం ఆధారం లేక ముందుకు ఒరుగుతుంది. బీట ఏటవాలుగా కనుమ వైపు దిగి ఉంటే దిమ్మె దానిపై జారుతుంది. రెండు బీటలు కలుసుకునేచోట ఆప్పు ఆకారంలో ఊడివస్తుంది. నిలువు బీటైతే దిమ్మె తలక్రిందులుగా పడుతుంది. కొండచరియ విరిగిపడటం అనే ఒక్క మాటలో ఇన్ని విధాలున్నాయి. ఏ దిమ్మె ఏ విధంగా పడనున్నదో తెలియనిదే దానిని ఆపే ఉపాయం తోచదు.

వీటన్నిటికీ తోడు భూకంపాలు. పెట్రాకు పడమర వాదీ అరబా లోయ వెంట, మృతసముద్రం గుండా ఉత్తరానికి సాగే మహాభ్రంశం ఒకటి ఉన్నది. అక్కడ భూమి పలకలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ కదులుతాయి. క్రీ.శ. 363 మే నెలలో వచ్చిన భూకంపం పెట్రాను తీవ్రంగా దెబ్బతీసింది. 1068లో వచ్చిన భూకంపంలో అఖబా తీరాన ఉన్న ఐలా పట్టణం నాశనమైంది. 1995 నవంబరులో అఖబా సింధుశాఖలో 7 పాయింట్లకు మించిన భూకంపం సంభవించింది. మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఉపేక్షకు గురైన శతాబ్దాలు

క్రీ.శ. 106లో రోమన్లు నబాతీయ రాజ్యాన్ని తమ సామ్రాజ్యంలో కలుపుకున్నారు. వర్తక మార్గాలు క్రమంగా ఉత్తరానికీ సముద్రానికీ మరలిపోయాయి. 363 భూకంపం తరువాత కూడా నగరం వెంటనే అంతరించలేదు. 1993లో అక్కడి చర్చి శిథిలాలలో దొరికిన కాలిన పాపిరస్ పత్రాల వల్ల ఆరవ శతాబ్దిలో కూడా అక్కడ ఆస్తి తగాదాలు, పెండ్లి ఒప్పందాలు, పన్నుల లెక్కలు నడిచాయని తెలుస్తున్నది. 1997లో హెల్సింకి విశ్వవిద్యాలయం వారు జబల్ హారూన్ పై ఆరంభించిన తవ్వకాలలో ఒక క్రైస్తవ మఠం బయటపడింది. అది భూకంపాలకు కూలడం, దానిని మళ్లీ బాగుచేసుకోవడం పలుమార్లు జరిగినట్లు అక్కడి గోడలే చెబుతున్నాయి. మనుషులు ఉన్నంతకాలం మరమ్మతు సాగిందన్నమాట.

జనం తగ్గేకొద్దీ మరమ్మతు ఆగింది. అడ్డుకట్టలు తెగిపోయాయి, కాలువలు పూడిపోయాయి, మళ్లించిన వాగు తన పాత దారి వెతుక్కున్నది. మీటర్ల మందాన ఒండ్రు, రాళ్లు చేరి సీక్ లోని రాతి బాటను కప్పివేశాయి. ఖజ్నా ముందున్న అసలు నేల ఎంత లోతున పూడిపోయినదో 2003లో జరిగిన తవ్వకాల వల్ల గాని స్పష్టం కాలేదు. నేటి నేలకు దిగువన, ఆ శిలాముఖం క్రింద, మరికొన్ని సమాధులు అప్పుడు వెలుగు చూశాయి.

పాశ్చాత్య గ్రంథాలు పెట్రాను 1812లో బర్క్‌హార్ట్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు కనుగొన్నాడని వ్రాస్తాయి. అతడు ఇబ్రాహీం ఇబ్న్ అబ్దుల్లాహ్ అనే పేరుతో, హజ్రత్ హారూన్ సమాధి వద్ద మేకను జిబహ్ చేసే మొక్కుబడి ఉన్నదని చెప్పి ఆ కనుమలోకి ప్రవేశించాడు. 1817లో కైరోలో మరణించగా ముస్లింగానే ఖననం చేయబడ్డాడు. అతని సాహసాన్ని కాదనవలసిన పని లేదు. కాని మార్గం చూపినవాడు స్థానికుడే. అంతకు 5 శతాబ్దాలకు పైగా పూర్వమే, 1276లో, సుల్తాన్ బైబర్స్ కరక్ కోటకు వెళుతూ ఈ లోయ గుండా సాగిపోయిన వైనాన్ని అరబ్బు చరిత్రకారుడు నువైరీ తన మహాగ్రంథంలో నమోదు చేశాడు. కాబట్టి పెట్రాను లోకం మరచిపోయిందనడం సరికాదు. దాని ఉనికి అందరికీ తెలుసు. దాని బాధ్యత మాత్రం ఎవరికీ లేకపోయింది.

1963 నాటి హెచ్చరిక

ఆ బాధ్యతారాహిత్యానికి మూల్యం 1963 ఏప్రిల్ 8న చెల్లించవలసి వచ్చింది. కొండల మీద కురిసిన భారీ వర్షం నీరు గోడలా సీక్ లోకి దూసుకువచ్చి, ఆ సమయంలో కనుమలో ఉన్న ఫ్రెంచి యాత్రికుల బృందాన్ని ముంచివేసింది. ఇరవైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడు జోర్డాన్ ప్రభుత్వం సీక్ ముఖద్వారం వద్ద ఆనకట్టను తిరిగి నిర్మించింది. నబాతీయులు కట్టిన చోటనే, వారు తొలిచిన సొరంగంలోకే నీటిని మళ్లించింది. రెండువేల ఏండ్లనాటి ఉపాయాన్ని మించినది ఆధునిక ఇంజనీర్లకు కూడా తోచలేదు!

1985లో యునెస్కో పెట్రాను ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఇంచుమించు అదే కాలంలో, ఆ గుహలలో తరతరాలుగా నివసిస్తున్న బిదూల్ తెగవారిని సమీపంలో కట్టిన ఉమ్ సైహూన్ గ్రామానికి తరలించారు. శిథిలాల రక్షణ కొరకు ఈ చర్య అవసరమని అధికారులు భావించారు. అయితే ఏ మబ్బు ఏ వాగును పొంగిస్తుందో, ఏ బండ క్రింద మేకలను కట్టరాదో ఆ కాపరులు ఎరుగుదురు. వారు వెళ్లిపోవడంతో రాత్రింబవళ్లు కొండను చూసే కళ్లు కూడా దూరమయ్యాయి. 1990ల చివరి సంవత్సరాలలో పెట్రా నేషనల్ ట్రస్టు సీక్ లోని పూడికను తీయించగా రాతి బాట, నీటి కాలువలు, గోడపై చెక్కిన ఒంటెల బిడారు శిల్పపు అడుగుభాగం బయటపడ్డాయి.

ఇక్కడ ఒక చిక్కు ఏర్పడింది. కనుమ ఎంత అందంగా తయారైతే అంత ఎక్కువమంది వస్తారు. 2019లో సందర్శకుల సంఖ్య పది లక్షలు దాటింది. వారిలో అత్యధికులు నడిచేది ఈ ఒక్క ఇరుకు దారినే. తలపైన 80 మీటర్ల ఎత్తున వ్రేలాడే దిమ్మెలలో ఏది ఎప్పుడు పడుతుందో తెలియకపోతే, అది పురావస్తు సమస్య మాత్రమే కాదు, ప్రాణరక్షణ సమస్య కూడా.

పగుళ్లకు పహరా

2012లో యునెస్కో అమ్మాన్ కార్యాలయం, జోర్డాన్ పురావస్తు శాఖ, పెట్రా ప్రాంతీయ అధికార సంస్థలు కలిసి, ఇటలీ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో సీక్ గోడల స్థిరత్వాన్ని పరిశీలించే పథకాన్ని ఆరంభించాయి. మొదటి పని దిమ్మెల పట్టిక తయారు చేయడం. లేజర్ కిరణాలతో గోడల రూపాన్ని అణువణువునా కొలిచి, ఏ దిమ్మె ఎంత పెద్దది, దాని వెనుక బీట ఏ దిశలో ఉన్నది, పడితే ఏ విధంగా పడుతుంది అనే వివరాలు గుర్తించారు. తరువాత ఎంపిక చేసిన బీటలకు ఇరువైపులా కొలత పరికరాలు బిగించారు. బీట వెంట్రుకవాసి వెడల్పైనా అవి నమోదు చేస్తాయి. దిమ్మె ఒరుగుతున్నదా అని చూసే పరికరాలు వేరు. వేడిని, తేమను కొలిచేవి వేరు. ఎదుటి చోటు నుండి దుర్భిణి వంటి యంత్రంతో గోడపై నిర్ణీత బిందువుల దూరాన్ని పలుమార్లు కొలిచి పోల్చే పద్ధతి మరొకటి.

వీటికి తోడు ఉపగ్రహ రాడారు ఉన్నది. ఒకే ప్రదేశానికి వేర్వేరు తేదీలలో రాడారు తరంగాలను పంపి, తిరిగివచ్చిన తరంగాలలోని తేడాను బట్టి నేల ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో లెక్కకట్టవచ్చు. విశాలమైన కొండ వాలులకు ఇది ఎంతో ఉపయుక్తం. కాని సీక్ వంటి ఇరుకైన లోతు కనుమలో నిలువు గోడలు ఉపగ్రహపు చూపుకు సరిగా అందవు. కనుక అక్కడ గోడకు బిగించిన పరికరమే ప్రధానాధారం.

కొలవడం ఒక ఎత్తైతే, కొలిచినదాన్ని అర్థం చేసుకోవడం మరొక ఎత్తు. ఆరోగ్యంగా ఉన్న బీట కూడా కదులుతుంది. ఎండకాలంలో ఒక కొలత, శీతకాలంలో మరొక కొలత. మధ్యాహ్నం ఒకటి, తెల్లవారుజామున ఒకటి. ఏడాది తిరిగేసరికి మొదటి కొలతకే తిరిగివస్తే భయం లేదు. రాయి ఊపిరి పీల్చి వదిలిందన్నమాట. తిరిగి రాకుండా ప్రతి ఏడూ కొంచెం కొంచెం మిగిలిపోతూ ఉంటే అది ప్రమాద సూచన. ఈ భేదం ఒక్క నెల కొలతలతో తేలదు. ఏండ్ల తరబడి ఎడతెగని లెక్కలు ఉండాలి. నడుమ ఒక్క ఏడు పరికరం పనిచేయకపోతే, ఆ ఏడు జరిగినదాన్ని తరువాత ఎవరూ తిరిగి కొలవలేరు.

ప్రమాదం ఉన్నదని తేలిన తరువాత ఏం చేయాలన్నది మరొక క్లిష్టమైన ప్రశ్న. తాళ్లతో వ్రేలాడుతూ గోడ దిగే నిపుణులు వదులైన చిన్న రాళ్లను చేతులతోనే తొలగించగలరు. పెద్ద దిమ్మెలను ఉక్కు కడ్డీలతో కొండకు బిగించవచ్చు, వల కప్పవచ్చు, నీరు దిగకుండా బీటను పూడ్చవచ్చు. రహదారి ప్రక్క కొండకైతే ఇవన్నీ నిస్సంకోచంగా చేస్తారు. పెట్రా గోడకు వేసే ప్రతి మేకూ చారిత్రక సంపదకు పడే గాయమే. వేయకపోతే క్రింద నడిచేవాడి ప్రాణం మీదికి రావచ్చు. ఈ రెండింటి మధ్య న్యాయంగా తీర్పు చెప్పాలంటే సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యాన్ని సమకూర్చేదే కొలతల పట్టిక. ఏ దిమ్మె నిజంగా కదులుతున్నదో తెలిస్తే దానిని మాత్రమే బిగించి తక్కినవాటిని తాకకుండా వదిలివేయవచ్చు.

ఈ పహరా ఎంత అవసరమో 2018 నవంబరులో మరొకసారి ఋజువైంది. ఆకస్మిక వరదలు పెట్రాను ముంచెత్తగా వేలాదిమంది సందర్శకులను హుటాహుటిన సురక్షిత స్థలాలకు తరలించారు. ఆ వరదలలో జోర్డాన్ లోని ఇతర ప్రాంతాలలో పదిమందికి పైగా మరణించారు.

ఎందుకు కాపాడాలి?

అన్యమతాల ప్రాచీన శిథిలాలను ముస్లిములు ఇంత శ్రమపడి ఎందుకు కాపాడాలని ప్రశ్నించేవారు ఉన్నారు. అరేబియాలోని అల్ హిజ్ర్ ప్రాంతం వారికి తార్కాణం. తబూక్ దండయాత్ర సందర్భంగా హిజ్రీ 9వ సంవత్సరంలో ఆ స్థలం మీదుగా సాగినప్పుడు, మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ సహచరులను గుండె కరిగి విలపిస్తూ తప్ప అక్కడ ప్రవేశించవద్దని ఆదేశించినట్లు హదీసులలో ఉన్నది. అక్కడి తొలిచిన సమాధులపై నబాతీయుల శాసనాలే ఉన్నందున పెట్రాకూ ఇదే వర్తిస్తుందని కొందరు భావిస్తారు.

ఈ ఆదేశం సందర్శకుని ప్రవర్తనకు సంబంధించినది. ఆ స్థలాన్ని వినోదక్షేత్రంగా చూడరాదన్నది దాని సారం. పడగొట్టమని గాని, పడిపోతుంటే చూస్తూ ఊరుకోమని గాని అందులో లేదు. భూమిపై సంచరించి గతించిన జాతుల పర్యవసానాన్ని చూడమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు మానవుని ఆహ్వానిస్తున్నది. చూడాలంటే చూడదగినది ఏదైనా మిగిలి ఉండాలి కదా! సహాబాల కాలంలో గాని, ఉమయ్యాల, అబ్బాసీయుల కాలంలో గాని పెట్రా శిలాముఖాలను ధ్వంసం చేయడానికి ఎవరూ పూనుకోలేదు.

దీనికి విపరీతమైన ఉదాహరణ ఆఫ్ఘనిస్తాన్ లోని బామియాన్. అక్కడి కొండలో చెక్కిన రెండు మహావిగ్రహాలను యాఖూత్ హమవీ తన భౌగోళిక నిఘంటువులో వర్ణించాడు. ముస్లిం పాలనలో శతాబ్దాలపాటు నిలిచిన వాటిని 2001 మార్చిలో తాలిబాన్ ప్రభుత్వం పేల్చివేసింది. విగ్రహాలు పోవడంతో వ్యవహారం ముగియలేదు. పేలుళ్ల ధాటికి ఖాళీ గూళ్ల చుట్టూ ఉన్న కొండ కూడా చీలిపోయి, చిన్న గూటి పైభాగం కూలిపోయే స్థితికి వచ్చింది. 2003లో ఆ స్థలాన్ని ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించారు. బీటలకు పరికరాలు బిగించి, వాటి కదలికను గమనిస్తూనే, ఉక్కు కడ్డీలతో ఆ కొండను పట్టి నిలపవలసి వచ్చింది. ఈ పనిలో ప్రముఖ పాత్ర వహించిన ఇటలీ భూగర్భ శాస్త్రవేత్త క్లాడియో మార్గొత్తీనీయే తరువాత పెట్రాలోనూ పనిచేశాడు. పగలగొట్టడానికి కొన్ని వారాలు పట్టింది. మిగిలినదాన్ని నిలబెట్టడానికి ఏండ్లు పట్టింది.

వక్ఫ్ నేర్పిన నీతి

చారిత్రక సంపద రక్షణ అనగానే ఒక పెద్ద పథకం, ఒక ప్రారంభోత్సవం, ఒక శిలాఫలకం మనసులో మెదులుతాయి. విదేశీ సహాయంతో నడిచే పథకాలకు గడువు ఉంటుంది. గడువు ముగిశాక పరికరాల బ్యాటరీలు మార్చేదెవరు? చెడిపోయినదాన్ని బాగుచేసేదెవరు? వచ్చిన అంకెలను చదివి, దారిని ఏ పూట మూసివేయాలో చెప్పేదెవరు? కొండకు మాత్రం గడువంటూ లేదు.

ఇస్లామీ ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను వక్ఫ్ విషయంలో ఎన్నడో ఎదుర్కొన్నది. వక్ఫ్ ఆస్తి రాబడిని మొట్టమొదట ఆ ఆస్తి మరమ్మతుకే ఖర్చు చేయాలనీ, దాత ఆ షరతు వ్రాసినా వ్రాయకపోయినా ఇదే నియమమనీ హనఫీ ఫుఖహాలు నిర్ణయించారు. లబ్ధిదారుల వాటా దాని తరువాతే. మూలమే కూలిపోతే దానివల్ల కలిగే పుణ్యమూ ఆగిపోతుంది గనుక ఈ నియమం అత్యంత సమంజసం. పెట్రా వక్ఫ్ ఆస్తి కాకపోవచ్చు. కాని ప్రవేశ రుసుము రూపంలో దానివల్ల వచ్చే రాబడి స్వల్పమైనది కాదు. ఆ రాబడిలో మొదటి హక్కు హోటళ్లదీ రహదారులదీ కాక, పగులును కొలిచే పరికరానిదీ దానిని చదవగల స్థానిక యువకునిదీ కావాలి.

నబాతీయులు శాస్త్రగ్రంథాలు వ్రాసి పెట్టలేదు. ఏటేటా కాలువ పూడిక తీశారు, గట్టు వేశారు. తమ నగరాన్ని నిలుపుకున్నారు. వారి పనిముట్లకూ నేటి రాడారుకూ ఎంతో అంతరం ఉన్నా, పని మాత్రం ఒకటే. ఆ పని ఆగినప్పుడు ఏమి జరిగిందో సీక్ లో పేరుకున్న ఒండ్రు చెప్పింది, 1963 నాటి మృతులు చెప్పారు. మూడవసారి చెప్పించుకోవలసిన అగత్యం కలగకుండా చూడటమే ఈ తరం బాధ్యత.